చెవిలో చెప్పిన మందు పేరు

శాంతారాం ఖైరే ముప్పైరెండేళ్ళు ముంబై మునిసిపాలిటీలో ఎలుకలు పట్టే పని చేశాడు. రిటైరయ్యాక ఆ పనంతా మా చాళ్ మీద పెట్టాడు. మా రెండో అంతస్తులో పదకొండు గదులు, వాటి ముందు ఒకటే పొడుగు వరండా. పొద్దున్నే కింది అంతస్తులో తన గదిలోంచి స్టీలు పళ్ళెం మీద గరిటెతో వాయించుకుంటూ వచ్చి ప్రతి గుమ్మం ముందూ గొంతు చించుకునేవాడు. వెనక సందులోకి అన్నం పారేసింది ఎవరు, తూముకి జాలీ పెట్టనిది ఎవరు, అన్నీ పేర్లతో సహా చదివేవాడు. గాజుపెంకులూ సిమెంటూ కలిపి కన్నాలు తనే మూసేవాడు. అప్పటికీ ఎలుకలు దారికి రాకపోతేనే మందు. అది పెట్టిన రోజు పళ్ళెం మోతకి చెవులు చిల్లులు పడేవి.

మాకు అది నచ్చేది కాదు. మా ఇళ్ళలో ఎలుకని ఎలుక అనరు, మామ అంటారు. మందు పెట్టిన మాట కట్టుకున్న మొగుడికి కూడా చెప్పరు. మామ వింటాడు, విన్నాడంటే ముట్టడు. మా అత్తగారు నాకు మందు పెట్టిన చోటు కనుసైగతో చూపించేది తప్ప నోరు తెరిచేది కాదు. పెళ్ళయి వచ్చి పాతికేళ్ళయినా నేనూ అలాగే చేశాను.

"కాకా, మీరు మందు పెడుతున్నారా, మామకి పెళ్ళి పిలుపులు పంచుతున్నారా?" అని ఒకసారి అందరి ముందూ అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఎలుక ఇవాళ కాకపోతే రేపు చస్తుంది కుందా. మనిషికి తెలియాలి కదా."

ఉద్యోగంలో చేరిన కొత్తలో చెప్పకుండా పెట్టిన ఉండ ఒకటి ఎవరిదో పాలిచ్చే మేక తినేసిందట. ఆ మేక తన్నుకోవడం చూశాక పళ్ళెం పట్టుకున్నానన్నాడు. మందుల్లో తేడా కూడా ఆయనే చెప్పాడు. నీలం మందు రోజుల మీద చంపుతుంది, దానికి విరుగుడు ఉంది. నల్లపొడి గంటల్లో చంపుతుంది, దానికి ఏమీ లేదు, కడుపు కడిగి అదృష్టం మీద వదిలెయ్యడమే. మేం విన్నాం. విని నవ్వుకున్నాం.

ఆయన కొడుకూ కోడలూ పనులకి పోతే నాలుగేళ్ళ చిమీని ఆయనే చూసుకునేవాడు. అది తాత దగ్గర ఉండేది తక్కువ, మా గుమ్మాల్లో ఉండేది ఎక్కువ. ఏ ఇంట్లో ఏం వండినా దాని చేతిలో ఒక ముద్ద పడాల్సిందే.

ఆ ఏడు వానలకి వెనక సందు నిండిపోయి ఎలుకలన్నీ పైకెక్కాయి. ఇంకో రెండు రోజుల్లో చవితి. గణపతి ఇంటికొచ్చాక పదిరోజులు మామ మీద చెయ్యెత్తకూడదు, దేవుడి వాహనం. ఏం చేసినా ఆ రెండు రోజుల్లోనే చెయ్యాలి. అలాంటప్పుడు మోదకాలకని విసిరి పెట్టుకున్న బియ్యప్పిండి సంచీ కొరికి గదంతా పోశాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. శాంతారాం కాకా వచ్చి చూసి, ఈ కన్నం రేపు మూస్తాను, మందు జోలికి పోవద్దు అన్నాడు. సరేనన్నాను. ఆయన వెళ్ళగానే గోధుమపిండిలో బెల్లం, నీలం మందు కలిపి ఏడు ఉండలు చేసి వరండాలో నా నీళ్ళ డ్రమ్ము కింద పెట్టాను. ఆ సాయంత్రం వరండా అంతా బెల్లం వాసనే. ఎవరూ ఎవరినీ ఏం వండుతున్నావని అడగలేదు. అదే నన్ను భయపెట్టాల్సింది.

మర్నాడు మధ్యాహ్నం చిమీ మెట్ల మీద వాంతి చేసుకుంది. గుప్పిట్లో జిగురుగా పిండి. కాకా దాన్ని భుజాన వేసుకుని, పళ్ళెం లేకుండా, ఉత్త చేత్తో పదకొండు తలుపులూ కొట్టాడు.

"ఎవరినీ ఏమీ అనను. ఏ మందో చెప్పండి చాలు."

మేం పెట్టలేదు అంది మొదటి గుమ్మం. మేమూ పెట్టలేదు అంది రెండోది. నా వంతు వచ్చింది. నేనూ అదే మాట అన్నాను.

ఆయన మెట్లు దిగుతుంటే చిమీ తల భుజం మీద ఇటూ అటూ వాలిపోతోంది. చూడలేక మందు పొట్లం కాగితం తీసుకుని పరిగెత్తాను. అక్కడ మేం ముగ్గురమే ఉన్నాం. అయినా ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను.

"నీలంది కాకా. నా డ్రమ్ము కింద."

ఆయన ముఖంలోకి ప్రాణం వచ్చింది. "నీలందా? అయితే టైముంది. బతికించావు తల్లీ." కాగితం జేబులో పెట్టుకుని, ఆ చెయ్యి నా తల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆస్పత్రిలో డాక్టరు ఆ కాగితం చూసి, కడుపు కడగక్కర్లేదని విరుగుడు ఇంజక్షను చేయించాడు, కంగారు పడొద్దన్నాడు. ఆ కబురు వినగానే వరండా అంతా ఊపిరి తీసుకుంది, టీలు కూడా కాచుకున్నాం. దీపాలు పెట్టే వేళకి చిమీ పోయింది.

నేను వరండాలోకి వెళ్ళి డ్రమ్ము జరిపాను. ఏడు ఉండలూ ఉన్నాయి. ఎండిపోయి, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

కాగితం తీసుకుని పరిగెత్తే ముందు ఒక్కసారి వంగి చూడాల్సింది. పోనీ, చెప్పేదేదో వరండాలో నిలబడి గట్టిగా చెప్పి ఉంటే పదకొండు గుమ్మాలకీ వినపడేది. చిమీ నీ డ్రమ్ము వైపు రాలేదు కుందా, మా గుమ్మంలో ఆడుకుంది, నేను నల్లపొడి పెట్టాను అని అందులో ఒకరు బయటికి వచ్చేవారేమో. ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. కుళాయి దగ్గర పది మంది ముఖాలూ చూస్తాను, వాళ్ళూ నా ముఖం చూస్తారు.

పదమూడో రోజు కాకా మా గుమ్మానికి వచ్చాడు. చేతిలో పళ్ళెం లేదు.

"ఇంతమందిలో నువ్వొక్కదానివే చెప్పావు" అన్నాడు.

డ్రమ్ము కింద ఉండలు అలాగే ఉన్నాయని ఆయనకి అప్పుడే చెప్పాల్సింది. నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.