నీళ్ళతో మింగిన మాత్రలు

ఆ కబురు నాకు ముందుగా తెచ్చింది మా అన్న పక్క మగ్గం మీద నేసే ముసలాయన. గుడియాత్తంలో మా వీధి చివరనున్న మగ్గాల కొట్టం నుంచి చెప్పులు కూడా తొడుక్కోకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, మీ అన్న నెత్తురు కక్కినాడు. ఆటో పిలిచినాము, నువ్వు బయలుదేరు" అన్నాడు. మధ్యాహ్న ప్రార్థనకు మోకరించబోతున్నదాన్ని అట్లాగే లేచి పరుగెత్తాను.

అన్న పెళ్ళి చేసుకోలేదు. నా భర్త పోయినప్పటి నుంచి ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. నేను బడికి పోలేదు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా అన్నే, నూలు వచ్చే అట్టపెట్టెల మీద బొగ్గుతో రాసి.

సిలువ శ్రమలను తలుచుకునే శ్రమకాలపు నలభై దినాలూ మా ఇంట్లో పొద్దు గుంకేదాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టం. ఆ నియమం పెట్టింది నేనే. మగ్గం తొక్కీ తొక్కీ అన్న మోకాళ్ళు వాచి ఉండేవి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి నొప్పి మాత్ర వేసుకునేవాడు. తిన్నాకనే వేసుకోవాలని మందుల అంగట్లో చెప్పి పంపారు. ఉపవాసం మొదలైన దినం అన్న ఆ మాట గుర్తుచేశాడు.

"మాత్ర తిండి కాదు కదన్నా, నీళ్ళతో మింగు. దేవుడు చూసుకుంటాడు" అన్నాను.

అన్న నవ్వాడు. "ఆయనకు నువ్వే ముందుగా చెప్పి పెట్టు. మర్చిపొయ్యేడు."

మూడో వారంలో, విరేచనం నల్లగా తారులాగా అవుతోందని సిగ్గుపడుతూ చెప్పాడు. సాయంత్రం తినే రాగిసంగటి వల్లనేమో అన్నాను. లోపల కారిన రక్తం అట్లా నల్లబడి బయటికి వస్తుందని నాకు తెలియదు.

గుడియాత్తంలో డాక్టరమ్మ నాడి చూసి, సెలైన్ పెట్టి, వెంటనే వేలూరు పెద్దాసుపత్రికి పంపింది. దారిలో కే.వి.కుప్పం దాటేలోపు అన్న మళ్ళీ కక్కాడు. నా కొంగంతా తడిసింది.

వేలూరులో రక్తం ఎక్కించి, నోట్లోంచి కెమెరా గొట్టం దించారు. పేగు మొదట్లో పుండు, దాని మధ్య తెరుచుకున్న రక్తనాళం. పుండు చుట్టూ సూదిమందు వేసి, నాళం మీద చిన్న క్లిప్పు బిగించారు. అంతా ఆ గొట్టంలోంచే, కోత లేకుండా. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి తమిళంలో వివరించాడు. ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది.

ఏం మందులు వాడుతున్నావని అడిగితే అన్న మాట దాటేశాడు. నా తప్పు దాచాలని చూస్తున్నాడు. నేనే చెప్పేశాను, మాత్రల సంగతీ, ఉపవాసం సంగతీ. డాక్టరు తిట్టలేదు, రాసుకున్నాడు. తిట్టి ఉంటే నాకు కొంత బాగుండేది.

మరునాడు అన్న కళ్ళు తేటపడ్డాయి. "అమ్మా, అంత పొడుగు గొట్టం మింగినాను. ఉపవాసం చెడినట్టేనా?" అన్నాడు. పక్క మంచాయన కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

మూడోనాడు పొద్దున రక్తపోటు పడిపోయింది. మళ్ళీ గొట్టం దించితే లోపలంతా రక్తమే, పుండు కనపడలేదు. తొడ దగ్గరి నాళంలోంచి సన్నని తీగలాంటి గొట్టం పంపి, కారుతున్నదాన్ని లోపలినుంచే మూసేస్తామన్నారు. బండి మీద తీసుకుపోయేముందు అన్న నా మొహం చూశాడు.

"ఏమన్నా తిన్నావా?"

"లేదన్నా. నీకోసం ఉపవాసం ఉన్నాను."

"వద్దు. పొయ్యి తిను. నాకోసం పస్తుండొద్దు."

వెళ్ళి రెండు ఇడ్లీలు తిన్నాను. నేను వచ్చేసరికి రక్తం ఆగిందని చెప్పారు. నిజంగానే ఆగింది, మళ్ళీ రాలేదు. కానీ అంత రక్తం పోయిన గుండె ఇక కోలుకోలేదు. మరునాడు మధ్యాహ్నం అన్న పోయాడు.

రక్తం ఆపడానికి మనుషులకు తెలిసిందంతా వాళ్ళు చేశారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ రక్తం మా అన్న ఒంట్లో పారింది. అందరికీ రోజూ ప్రార్థనలో స్తోత్రం చెప్పుకుంటాను. దేవుడు చూసుకుంటాడన్న మాట మాత్రం ఇప్పుడు తొందరపడి అనలేను. ఆయన మందుల అంగడివాళ్ళ నోట ముందే చెప్పించాడు, నేనే వినలేదు.

ఇది చదివే మీరు నన్ను ఓదార్చనక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరైనా ఖాళీ కడుపుతో నొప్పి మాత్ర చేతిలోకి తీసుకుంటే, ఒక ముద్ద తినిపించి, చెల్లెలి మాట కాదనలేకపోయిన మా అన్నను ఒక్కసారి తలుచుకోండి.