తేరిన ఉప్పునీళ్లు

మా గని క్వార్టర్ ముందుగదిలో ఒక గాజుతొట్టి నిండా సముద్రపు నీళ్లున్నాయంటే ఎవరూ నమ్మరు. పక్కన గోదావరిని పెట్టుకుని ఉప్పు కలుపుకుంటావేందని నాతో షిఫ్టు చేసేవాళ్లు ఆటపట్టించేవారు. తొట్టిలోని పసుపు చేప నా భార్యది. హైదరాబాద్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. నన్ను చూస్తే రాళ్ల వెనక్కి పోయేది, ఆమెను చూస్తే అద్దం దగ్గరికి వచ్చేది. నాకు ఉడుకుమోత్తనంగా ఉండేది.

ఆ వానాకాలం తొట్టికి నాచు పట్టింది. పరీక్ష చేస్తే నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువని తేలింది. లాంథనం మందు తెప్పించాను. అది ఫాస్ఫేట్‌ను పట్టుకుని తెల్లటి పొడిగా మారుతుందట. ఆ నీళ్లను మోటారు లాగి గుడ్డలో వడగడుతుందట. చుక్క చుక్కగా వేసి, మోటారు నడుస్తుండగానే డ్యూటీకి వెళ్లాను. నా భార్య అప్పటికే అంగన్‌వాడీకి వెళ్లిపోయింది.

ఇంట్లో ఉన్నది మా అత్తమ్మ. ఆమెది పర్ణశాల అవతల అడవి ఊరు. వాగునీళ్లు బురదగా వస్తే వాళ్లు కుండలో చిల్లగింజ అరగదీసి వదిలేస్తారు. మన్ను అడుక్కి దిగేదాకా ఆ కుండను ఎవరూ కదపకూడదు.

నేను వచ్చేసరికి మోటారు చప్పుడు లేదు. నీళ్లు ఎన్నడూ లేనంత తేటగా ఉన్నాయి.

“మందేసినంక గట్ల కలెవెడ్తే ఎట్ల తేర్తయి అల్లుడా? పాలలెక్క ఉండె. అందుకే బంద్ జేసిన,” అంది అత్తమ్మ సంబరంగా.

చేప అడుగున తెల్లపొడి మీద పక్కకు ఒరిగి ఉంది. ఏం చేయాలో తోచక మళ్లీ ఫాస్ఫేట్ పరీక్ష చేశాను. తగ్గింది. మోటారు ఆగి గాలి ఆడక చచ్చిందా, నా మందు సరిపడక చచ్చిందా? కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఇంతలో నా భార్య వచ్చి తొట్టి ముందు కూర్చుండిపోయింది.

“నీళ్లు మంచిగనే అయినయి గదా, మరి దీనికేమైంది?” అంది అత్తమ్మ. ఇద్దరూ నా వైపే చూశారు.

“తెల్వదు అత్తమ్మా,” అన్నాను. నిజంగానే తెలియదు.

అత్తమ్మ మెల్లగా లేచి మోటారు స్విచ్ వేసింది. తెల్లపొడి లేచింది. నీళ్ల ఊపుకు చేప తోక ఆడింది.

“అగో, కదిలింది బిడ్డా,” అంది కూతురితో.

నా భార్య చప్పున అద్దం మీద చేయి పెట్టింది. కదలిక మోటారుదని తెలిసి కూడా, చేప ఆమె దగ్గరికి వస్తుందేమోనని నేనూ చూస్తూ నిలబడ్డాను.