డిట్టో వద్దన్నాను

ఉప్పెన వచ్చిపోయిన మూడో నెలలో దివిసీమలోని మా బడికి బందరు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. బడి నడుస్తోందా, ఆగిపోయిందా, రిజిస్టరులో ఉన్న పిల్లల సంగతేమిటి, ఇంగ్లీషులో రాసి పంపమని. పిల్లలు బాగా తగ్గారని తేలితే బడిని కాలవ అవతలి ఊరి బడిలో కలిపేస్తారని నాకు తెలుసు. ఆ బడికి నేనొక్కదాన్నే టీచర్ని. గోడలు పోయాయి. టార్పాలిన్ కింద పన్నెండు మంది కూర్చుంటున్నారు. కలపనివ్వనని ఆ పూటే అనుకున్నాను.

గుడివాడలో చదువుకున్నానే గాని ఆఫీసు ఇంగ్లీషు నాకు రాదు. తడిసి ఆరిన రిజిస్టరు సంచిలో పెట్టుకుని బస్సెక్కి బందరు వెళ్ళాను. కోర్టు ఎదుట టైపు మిషను పెట్టుకున్న సాయిబుగారి దగ్గర కూర్చున్నాను. పెద్దాయన. అర్జీలు కొట్టీ కొట్టీ ఇంగ్లీషు మాటల మీద ఆయనకు గట్టి పట్టు, దానికి తగ్గ గర్వమూ ఉన్నాయి.

"బడి 'టెర్మినేట్' అయిందని కొడదామమ్మా. ఆఫీసులో ఆ మాటకు విలువుంటది," అన్నారు.

"అంటే ఏంటండీ?"

"పూర్తిగా అయిపోయిందని."

"నిన్న కూడా ఎక్కాలు చెప్పించానండీ. ఎట్లా అయిపోద్ది?"

"పోనీ 'క్లోజ్' అందాం. మూసింది మళ్ళీ తెరవచ్చు."

"మూయడానికి తలుపేదండీ?" అన్నాను. ఒళ్ళు మండింది నాకు.

ఆయన 'డిస్‌కంటిన్యూ' అన్నారు, అదీ వద్దన్నాను. అయిపోవడం అన్న అర్థమొచ్చే ఏ మాటా బడికి వద్దు, నడుస్తోందని కొట్టండి చాలు, అన్నాను. గొణుక్కుంటూనే కొట్టారు.

తర్వాత పిల్లల జాబితా. వస్తున్న పన్నెండు మంది పేర్లూ అయ్యాక, మిగిలిన పదిహేడు పేర్లు చూసి ఆయన మిషను మీద నుంచి చేతులు తీసేశారు.

"వీళ్ళ ఎదురుగా 'లాంగ్ ఆబ్సెంట్' అని పెడితే మీ బడి నిలబడుద్దమ్మా. ఎవరొచ్చి చూస్తారు?" అన్నారు గొంతు తగ్గించి.

నా మంచికే చెప్పారు. ఆశ పుట్టిన మాట నిజం. కానీ అలా రాస్తే ఆ తల్లులు పిల్లల్ని బడికి పంపడం లేదని అర్థం. వాళ్ళలో కొందరు రోజూ టార్పాలిన్ దాకా వచ్చి, కాసేపు నిలబడి వెళ్తున్నారు. వాళ్ళ మీద ఆ నింద నా చేతుల మీదుగా పడనివ్వలేను.

"వద్దండీ. పోయారనే కొట్టండి."

"'ఎక్స్‌పైర్డ్' అందామా? మర్యాదగా ఉంటది."

"లైసెన్సు గడువు తీరినా అదే మాట గదండీ. 'డైడ్' అని కొట్టండి."

మొదటి పేరు ఎదుట ఆ మాట కొట్టి, రెండో పేరుకు డిట్టో గుర్తు పెట్టబోయారు. పెద్ద జాబితాలకు టైపు వాళ్ళందరూ చేసే పనే అది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎవరికి వాళ్ళకే కొట్టండి."

బడి ఉంచితే సరే, లేదంటే ఈ పన్నెండు మందినీ వెంటబెట్టుకొచ్చి ఆఫీసు మెట్ల మీదే పాఠం చెప్తాను. అలా తేల్చుకున్నాక మనసు కుదుటపడింది.

పేర్లు చదవడం మొదలుపెట్టాను. ఏళ్ళనాటి అలవాటు కదా, ఒక్కో పేరు చదివి, పలుకుతారేమోనని ఆగుతున్నాను. రెండు మూడు పేర్లకే సాయిబుగారికి అర్థమైంది. నేను ఆగినంతసేపూ ఆయనా ఆగి, అప్పుడు కొట్టారు. చివరి పేరు దాకా అలాగే ఆగారు.