మా వంట పెద్దమ్మ లోపలికొచ్చిన ఆదివారాలు

అన్నా, వందనాలు. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. మిర్యాలగూడలో మీ చర్చి సంఘం వాళ్లు వేసే పత్రికకు పెద్దమ్మ గురించి నాలుగు ముక్కలు రాసి పంపమని నువ్వు అడిగి చాలా రోజులైంది. ఇక్కడ కోదాడలో పెళ్లిళ్ల మీద పెళ్లిళ్లు. మా టెంట్ హౌస్ కుర్చీలు ఒక ఊరి నుంచి వచ్చి దుమ్ము దులిపించుకునే లోపే ఇంకో ఊరికి బండెక్కుతున్నాయి. ఇప్పుడు కూడా షాపులో కూర్చుని ఫోన్‌లోనే కొడుతున్నా. తప్పులుంటే నువ్వే సరిచేసుకో.

పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను చిలుకూరులో ఉన్నా. పొద్దున్నే షామియానా కర్రలు దింపిస్తున్నా. సూర్యాపేట దవాఖాన నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పోయింది" అని ఆగిపోయింది. చేతిలో కర్ర కింద పెట్టేశా. తనే మళ్లీ అడిగింది.

"వచ్చేటోళ్లకు అన్నం ఎవరు వండుతరన్నా?"

తల్లి పోయిన బిడ్డ అడిగే మాట కాదది. కానీ మా సంఘంలో ఎవరింట్లో చావు జరిగినా, వచ్చిన చుట్టాలకు అన్నం వండింది వాళ్లమ్మే. వండే మనిషే పోతే ఏం చేయాలో మాలో ఎవరికీ తెలియదు.

మీ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి ఆమె తెలియదు కాబట్టి మొదటినుంచి చెప్తా. ఆమె నాకు చుట్టం కాదు. సంఘంలో అందరికీ పెద్దమ్మే. భర్త చిన్న వయసులోనే పోయాడు. మిషన్ కుట్టే కూతురి దగ్గర ఉండేది. మా చర్చి ఇంకా రేకుల షెడ్డుగా ఉన్న రోజుల్లో, ఒక క్రిస్మస్‌కు మాట్లాడుకున్న వంటమనిషి రాలేదు. బియ్యం కడిగి పెట్టి ఉన్నాయి, జనం వచ్చి కూర్చున్నారు. పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి గంటె పట్టుకుంది. అందరూ కడుపునిండా తిన్నారు. ఆ సాయంత్రం మా పాస్టర్ అయ్యగారు మైకులో, దేవుడు ఈ తల్లికి వంట తలాంతు ఇచ్చాడు, ఆ వరాన్ని సంఘానికి వాడుకుందాం అన్నారు. అందరం ఆమెన్ అన్నాం. అంతే, ఆ మాట ఆమెకు అతుక్కుపోయింది.

మా దగ్గర ఎవరి పని వాళ్లకు ఉంది. ఒకరు పాట ఎత్తుకుంటారు, ఒకరు రోగుల ఇళ్లకు పోయి ప్రార్థన చేస్తారు, ఒకరు ఊడుస్తారు. నా తలాంతు కుర్చీలు, గిన్నెలు. వీడికి దేవుడు కుర్చీలు మోసే వరం ఇచ్చాడని మావాళ్లు నవ్వుతారు కానీ పండగకు మాత్రం బండి రాకపోతే ఊరుకోరు. ఒకరి పని ఒకరికి బలం అని అయ్యగారు ఎప్పుడూ చెప్పే మాట. అది నిజమే. మా ఇంట్లో జ్వరాలు పడ్డప్పుడు ఆ సంఘమే మాకు అన్నం తెచ్చింది. కాదనను.

నెలలో చివరి ఆదివారం మాకు ప్రేమ విందు. ఇళ్లల్లో ఆడవాళ్లు రోజూ వంటకు బియ్యం పోసుకునేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు కదా, ఆ పిడికెడు బియ్యమే అందరూ తెచ్చి ఒక సంచిలో పోస్తారు. దాంట్లో సన్నవి ఉంటాయి, రేషన్‌వి ఉంటాయి, పాతవి, కొత్తవి, అన్నీ. పెద్దమ్మ ఆ సంచి విప్పి చూసి నవ్వేది.

"ఒకటేమో మెత్తబడ్తది, ఇంకోటి పలుకుంటది. రెండింటికి నడుమ ఆపాలె కొడుకా. సంఘం గూడ గంతే గద."

గంజి వార్చేటప్పుడు ఆమెతో మాట్లాడకూడదు. నా డేగిశాలకు సొట్టలుంటే మాత్రం మాట్లాడేది. నీ పెండ్లిల గిట్లాంటి గిన్నెలే పెట్టిన్రా అని అందరి ముందూ అడిగేది. ఆకలితో ఉన్నోడికి ప్రసంగం సగమే ఎక్కుతుందని, మిగతా సగం తన పనేనని అనేది. పెద్దవాళ్లకు మెత్తటి అన్నం పైనుంచి తీసి వేరే గిన్నెలో దాచేది. ఎవరికని అడిగితే పేరు చెప్పేది కాదు, పళ్లు లేని తాత, బాలింత, అనేది.

వంట చర్చి వెనక, గోడకు ఆనించి వేసిన రేకుల కింద. కట్టెల పొయ్యి. ఆరాధన మొదలయ్యే ముందు పొయ్యి వెలిగిస్తే, చివరి ప్రార్థన అయ్యేసరికి అన్నం దిగాలి. అంటే లోపల ఏం జరిగినా ఆమె బయటే. మామూలు ఆదివారాలు కూడా ఏదో ఒకటి ఉంటుంది. ఒకరింట్లో బారసాల, ఒకరింట్లో కృతజ్ఞత కూడిక, రోగులకు జావ. ప్రభువు బల్ల రోజు అయ్యగారే రొట్టె ముక్క, ద్రాక్షరసం వెనక్కి తెచ్చి ఇచ్చేవారు. ఆమె మసి చేతులు కడుక్కుని నిలబడే తీసుకుని, వెంటనే మళ్లీ గంటె పట్టేది.

ఒకసారి విందు అయ్యాక గిన్నెలు బండిలో వేసుకోవడానికి పోయా. ఆమె పొయ్యి రాళ్ల మీద కూర్చుని ఉంది. ఏంటి పెద్దమ్మా, నడుం నొప్పా అని అడిగా.

"నడుము గాదు కొడుకా. ఒక్క ఆదివారం లోపల కూసోవాలని ఉంది. మొదటికెల్లి ఆఖరిదాంక. నాకు వంట వస్తదని అందరికీ తెలుసు. ఇంకేమన్న వస్తదో రాదో నాకే తెల్వదు. సూస్కోనే లేదు."

అయ్యగారిని అడగొచ్చు కదా అన్నా నేను. అడిగిందట. అయ్యగారు ప్రేమగానే, దేవుడు ఇచ్చిన తలాంతును మట్టిలో పాతిపెట్టకూడదు పెద్దమ్మా, నీ వంట వల్ల ఎంతమంది కూడుకుంటున్నారో నీకు తెలియదు అన్నారట. ఆయనది దుర్బుద్ధి కాదు. ఆమెకు మాత్రం ఇంకో మాట లేకుండా పోయింది. దేవుడు ఇచ్చిన పనిని వద్దని ఎట్లా అంటుంది?

ఆ తర్వాతి నెల ఒక పని చేసింది. సాంబారులో ఉప్పు ఎక్కువ వేసింది. ఎక్కువంటే మామూలు ఎక్కువ కాదు, నాలుక మీద పెట్టుకుంటే ఒళ్లు జలదరించేంత. వండడం చేతకాకుండా అయిందనుకుంటే వాళ్లే మాన్పిస్తారని ఆమె లెక్క.

అదే రోజు లోపల ప్రసంగం దేని గురించో తెలుసా? అన్నం దగ్గర సణుక్కోవడం ఎంత పాపమో దాని గురించి. పొయ్యి దగ్గరున్న మనిషికి ఆ సంగతి తెలిసే దారి లేదు. అందరం బంతిలో కూర్చున్నాం. మొదటి ముద్దకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనున్న నా భార్య మోచేత్తో పొడిచి, "నోరు మూసుకొని తిను, అయ్యగారు సూస్తున్నడు" అంది. అయ్యగారు కూడా చెమటలు కక్కుతూ తింటున్నారు. మంచినీళ్ల డ్రమ్ము రెండోసారి నింపాల్సి వచ్చింది. ఒక్కరు వంక పెట్టలేదు. పైగా ఆడవాళ్లు పోటీలు పడి లేచి పోయి, ఇయ్యాల సాంబారు మస్తుంది పెద్దమ్మా అని చెప్పి వచ్చారు.

గిన్నెల కోసం నేను వెనక్కి పోయేసరికి ఆమె డేగిశాలోకి తొంగి చూస్తోంది. అడుగు దాకా ఖాళీ.

"కావాల్నని ఏసిన కొడుకా. గిన్నె నాకి పంపిన్రు."

నవ్వడం మొదలుపెట్టింది. నేనూ నవ్వా. ఆమె నవ్వు ఎక్కడ ఏడుపైందో నేను చూసుకోలేదు, కొంగు మొహానికి పెట్టుకున్నాకే తెలిసింది. ఇంత మంచోళ్ల నుంచి ఎట్లా బయటపడాలె అంది. అంతకంటే పెద్ద చెర నేను చూడలేదన్నా. తిట్టేవాళ్లుంటే వదిలేసి పోవచ్చు.

సరే, నా వంతు సాయం నేను చేద్దామనుకున్నా. మరుసటి నెల విందుకు ముందు, డేగిశాలన్నీ త్రిపురారం పెళ్లికి పోయాయి, ఒక్కటి కూడా లేదు, ఈసారికి ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోండి అని సంఘపెద్దలకు ఫోన్ చేసి చెప్పా. గిన్నెలు గోడౌన్‌లో బోర్లించి పరదా కప్పా. పెద్దమ్మ ఆ ఆదివారం కట్టుకోవడానికి తెల్ల చీర ఇస్త్రీ చేయించుకుంది.

శనివారం సాయంత్రానికి నేరేడుచర్ల నుంచి ఆటోలో గిన్నెలు దిగాయి. సంఘపెద్దలు ముగ్గురు పోయి ఎవరినో బతిమాలి తెచ్చారు. పెద్దమ్మ వంట లేని విందు విందేనా అన్నారు. అంతటితో ఆగలేదు. ఇట్లాంటి ఇబ్బంది మళ్లీ రావద్దని తలా ఇంత వేసుకుని సంఘానికి సొంతంగా కొత్త డేగిశాలు కొన్నారు. వాటి మీద 'పెద్దమ్మ' అని పేరు కొట్టించి, ఆ పై నెల విందు రోజు అందరి ముందూ శాలువా కప్పి ఆమె చేతిలో పెట్టారు. ఆ ఒక్క శాలువా కోసం లోపలికి పిలిచారు. కప్పాక, అన్నం టైమైందమ్మా అని గుర్తు చేశారు. నాకు ఒక గిరాకీ పోయింది, ఆమెకు ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఆ రోజుకు కట్టుకున్న ఆ ఇస్త్రీ తెల్ల చీరకు మసి అంటుతుందని కొంగు పైకి దోపుకుని వెనక్కి పోయింది.

చివరికి ఆమెను లోపలికి పంపినవి ఆమె ఊపిరితిత్తులే. ఈ వానాకాలంలో ఆయాసం పట్టుకుంది. సూర్యాపేట తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ, పొగ దగ్గరికి పోతే ప్రాణానికే ముప్పు అంది. అప్పుడు గానీ మా సంఘం ఒప్పుకోలేదు. దవాఖాన మంచం మీద ఉండగా కూడా ఫోన్ చేసి, ఎసరు ఎంత పెట్టాలె పెద్దమ్మా అని అడిగారు మా ఆడవాళ్లు.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం వచ్చింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడింది. నేనే కుర్చీ వేశా, ముందు వరుసలో, ఫ్యాన్ కింద. పాట మధ్యలో ముక్కు ఎగబీల్చి, అడుగంటుతున్నట్టుంది సూడున్రి అని లేవబోయింది. నా భార్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ప్రార్థనల టైమొచ్చినప్పుడు అయ్యగారి భార్య, పెద్దమ్మా ఇవాళ నువ్వు చెయ్ అంది. ఆమె లేచింది. చాలాసేపు ఏమీ రాలేదు. అందరం కళ్లు మూసుకుని కూర్చున్నాం.

"ప్రభువా, లోపల సల్లగున్నది" అని కూర్చుంది.

కొందరు నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. ఆయన మిగతా ప్రార్థన చాలా మెల్లగా చేశారు.

తర్వాతి ఆదివారం మళ్లీ లేచింది. ఈసారి ఆగలేదు. ఇన్నేళ్లూ వడ్డించింది కానీ ఎవరి పేర్లూ సరిగా తెలియవు ఆమెకు. పళ్లాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టేది. ఉల్లిగడ్డ పక్కకు పెట్టే సారుకు మోకాళ్ల నొప్పి తగ్గాలి అంది. రెండోసారి అడగడానికి సిగ్గుపడే పిల్లకు మంచి సంబంధం రావాలి అంది. అన్నం సగంలో లేచిపోయే తమ్ముడికి ఇంట్లో ఏం కష్టముందో నువ్వే చూడాలి అంది. ఆ తమ్ముడు వెనక వరుసలో తల వంచుకుని ఏడ్చాడు. ఎవరికీ చెప్పుకోని కష్టం అది. మాకెవరికీ కనిపించనిది ఆమెకు పళ్లెంలో కనిపించింది.

అందరి వంతూ రాకముందే మళ్లీ ఆయాసం వచ్చింది. సూర్యాపేట పోయింది, తిరిగి రాలేదు. ఇంకేం వస్తదో సూస్కోనే లేదు అన్న మనిషి, చూసుకోవడం మొదలుపెట్టిందో లేదో అయిపోయింది. నా కోసం ఏం అడిగేదో నాకు తెలియదు. నా పళ్లెంలో ఏం చూసిందో.

సమాధి రోజు అన్నం హోటల్ నుంచి తెప్పించాం. ఆ తర్వాత పెద్దలు కూర్చుని వంటకు వంతులు వేశారు. మొగవాళ్లకు కూడా అని మా ఆడవాళ్లు పట్టుబట్టారు. అయ్యగారే మొదటి వంతు తీసుకున్నారు, అన్నం జావైంది. మొన్న ఆదివారం నా వంతు.

ఇన్నేళ్లు ఆ పొయ్యి దగ్గరికి గిన్నెలు మోశా కానీ, ఆరాధన నడుస్తుండగా అక్కడ నిలబడింది ఎప్పుడూ లేదు. లోపలి మాటలు అక్కడికి రావన్నా. గోడ అడ్డం, పక్కన హైవే మీద లారీలు. ఎవరు ప్రార్థిస్తున్నారో, ఎవరి కోసమో, ఏం అడుగుతున్నారో ఒక్క ముక్క తెలియదు. అందరూ కలిసి అనే ఆమెన్ ఒక్కటే వినిపిస్తుంది. ఇదివరకు మేం లోపల ఆమెన్ అన్నాక కొంచెం ఆగి, వెనక నుంచి ఇంకో ఆమెన్ వచ్చేది, ఒంటిగా. అది ఆమె గొంతని తెలుసు కానీ ఎప్పుడూ ఆలోచించలేదు. మేం ఏం అడిగామో వినకుండానే అన్నింటికీ ఒప్పుకుంది. ఇప్పుడు నా ముందు ఎసరు పొంగుతోంది, కళ్లు మండుతున్నాయి, కదలడానికి లేదు. లోపల ఎవరి కోసమో ఏదో అడిగారు, ఆమెన్ అన్నారు. నేను గంటె పట్టుకుని, కొంచెం ఆలస్యంగా, ఆమెన్ అన్నా.

నా అన్నం బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. వచ్చే నెల కూడా నువ్వే చెయ్యరాదే అంటున్నారు. నాకు భయంగా ఉంది. నువ్వు ఎప్పుడొస్తున్నావన్నా? ఆదివారమే రా. ఒక గంట నువ్వు గంటె పట్టుకుంటే నేను లోపల కూర్చుంటా, తర్వాత మార్చుకుందాం. ఎప్పుడు కలుద్దాం చెప్పు?