చీర పట్టేంత చోటు

అంగడి రూము చూడబోయినప్పుడల్లా మా అత్త తన పెళ్లిచీర సంచిలో పెట్టుకొని వచ్చేది. మామ పోయాక ఆ చీర కట్టడం మానేసి, దానికి రూములు కొలిచే పని పెట్టింది. ఓనరు తాళం తీసి షట్టరు లేపగానే ఆమె వాకిట్లో నిలబడి కొంగు పట్టుకునేది. నేను రెండో కొస పట్టుకొని వెనక గోడ వైపు నడిచేదాన్ని. చీర మొత్తం విప్పి ఇద్దరం నిలబడి లాగే చోటుంటే ఆ రూము మాకు పనికొచ్చినట్టు. లేకుంటే బాడుగ ఎంతని కూడా అడిగేది కాదు, చీర మడిచేది.

మాది పట్టుచీరల పాలిష్ పని. చీర ఏళ్లకేళ్లు బీరువాలో ఉంటే నలిగి, మడతల దగ్గర చచ్చుబడిపోతుంది. పలుచగా గంజి పట్టించి, ఇద్దరు చెరో కొస పట్టి బిగించి, ఆరబెట్టి, కర్రకు చుడితే మళ్లీ కొత్తదానిలా నిలబడుతుంది. పెళ్లయి పెనుకొండకు వచ్చేనాటికి నాకు కుచ్చులు వేయడం ఒక్కటే తెలుసు. మిగతాదంతా అత్త నేర్పిందే. ఆమె పుట్టిల్లు ధర్మవరం. పావడా కట్టే వయసు నుంచే అక్కడ ఒకరి దగ్గర ఈ పని చేసింది.

ఆమె మొట్టమొదట నేర్పింది ఒక మాట. లాగే ముందు "పట్టినావా?" అని అడగాలి. అవతలి మనిషి "పట్టినా" అన్నాకనే లాగాలి. ఒక కొస జారిందంటే జరీ మీద గీత పడి, ఇంక ఏం చేసినా పోదు. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకోని రోజులు కూడా ఉండేవి. ఆ రోజుల్లో కూడా ఈ రెండు మాటలూ మాత్రం ఆగలేదు.

పని అంతా ఇంటి ముందు వీధిలోనే. దుమ్ము లేస్తే చీర మీదే. ఎవరైనా బండి మీద వచ్చి హారన్ కొడితే బిగించిన చీర ఎత్తి దారి ఇవ్వాలి. ఒకరోజు మేకపిల్ల ఒకటి తడిచీర కింద దూరి, తల పైకెత్తి, చీరతో సహా ఉరికింది. అది పెళ్లికూతురి చీర. ఆ సాయంత్రం అత్త అన్నది, "ఇంక ఈదిలో వద్దు మే. నేను పోయేలోపల నీడలో నిలబడి ఈ పని చేయల్ల. రూము చూస్తాం పద."

ముందు ధర్మవరం పోయినాం. అక్కడ ఒక రూములో చీర చక్కగా పట్టింది. ఏం పని అని ఓనరు అడిగాడు. చెప్పాం.

"గంజినీళ్లా? వద్దమ్మా. గచ్చు పాడైతాది."

"గంజి పడితే నీ గచ్చుకు గూడా పాలిష్ అయితాది నాయనా," అన్నది అత్త.

అతను నవ్వాడు, షట్టరు దించాడు.

హిందూపురంలో చూసిన రూము బస్సులు తిరిగే రోడ్డు మీదుంది. బేరం బాగా జరిగే చోటు. నేను గోడకు వీపు ఆనించి నిలబడ్డా అత్త చేతిలో కొంగు మూరెడు మిగిలింది.

"టేపు లేదా అవ్వా, చీరతో కొలుస్తాండావు?" అన్నాడు ఓనరు.

"టేపు పొడుగు చెప్తాది గానీ, నేను నిలబడేకి చోటుండాదా లేదా అని చెప్తాదా?"

"మూరెడే కదా, ఆ కొంగు మడుచుకోండి. దుడ్లు కొంచెం తగ్గిస్తాలే."

"ఏమప్పా, మీ ఇంట్లో ఆడోళ్లు కొంగు లేకుండా కట్టుకుంటారా?"

తిరిగొచ్చే బస్సులో ఆ మాట తలుచుకుని తనే నవ్వింది. నవ్వుతూనే ఆయాసపడింది. నేను అది నవ్వువల్లనే అనుకున్నాను.

చివరికి రూము మా పెనుకొండలోనే దొరికింది. చింతపండు దాచుకునే గోడౌను అది. పొడుగ్గా, చల్లగా, లోపలికి పోతే నోట్లో నీళ్లూరేలా ఉంది. మూటలు ఒక పక్కకు జరిపించి చీర విప్పాం. వాకిట్లోంచి అత్త "పట్టినావా?" అన్నది. గోడలు కూడా "పట్టినావా" అన్నాయి.

"ఏమ్మే, ఈడ నాకు తోడు ఇంకో అత్త ఉండాది," అన్నది.

"ఒకరినే తట్టుకోలేక చస్తాండా అత్తా," అన్నాను.

చీర పట్టింది. నా వెనక ఇంకా చోటు మిగిలింది. అత్త రూమంతా తిరుగుతూ చెయ్యి చూపించింది. "ఈడ గంజి బక్కెట్లు. ఆడ కర్రలు. వాకిలి కాడ నీ కుచ్చుల పీట."

"మరి నువ్వు?"

"నేను ఈ కొసన. యాడికి పోతా?"

మూటలు ఎత్తించి, సున్నం కొట్టించి తాళం ఇస్తానన్నాడు ఓనరు. ఆ సున్నం ఆరకముందే ఒక పొద్దున గంజి కాస్తూ పొయ్యి దగ్గరే కూలబడింది అత్త. ఆటోలో నా ఒడిలోనే ఉంది. ఆసుపత్రి చేరేసరికి లేదు. పెళ్లిచీర ఆమె మీదే కప్పి పంపించాం.

మా ఆయన లారీ తోలుతాడు. కర్మలు అయ్యేదాకా ఇంట్లోనే ఉన్నాడు. తాళం తీసుకోమని ఓనరు కబురు పంపితే, వద్దన్నాను.

"అమ్మ చూసిన రూము. ఎందుకు పోనియ్యల్ల? కొస నేను పట్టుకుంటా. నేను లేనప్పుడు కూలికి ఎవురినన్నా పెట్టుకో," అన్నాడు.

ఓనరు దగ్గర తాళం తీసుకొని, నా పెళ్లిచీర సంచిలో పెట్టుకొని పోయినాం. తెల్లటి సున్నం వేసినా చింతపండు వాసన పోలేదు. ఆయన వాకిట్లో, వాళ్లమ్మ నిలబడిన చోటే నిలబడి కొంగు పట్టుకున్నాడు. నేను గోడ దగ్గరికి పోయి ఎదురుచూస్తున్నాను.

"లాగు," అన్నాడు.

"అడుగు."

"ఏమడగల్ల?"

"పట్టినావా అని."

అడిగాడు. గోడలు కూడా అడిగాయి. నా నోట్లోంచి జవాబు రాలేదు. ఆయన కొంగు మెల్లగా నేల మీద పెట్టి, గడప మీద నాకు వీపు తిప్పుకుని కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. చీర సాపుగా మడవడానికి కూడా ఇద్దరు కావాలి. నేనొక్కదాన్నే దాన్ని చుట్టచుట్టి సంచిలో కుక్కాను. పోతూ పోతూ తాళం ఓనరు చేతిలో పెట్టాం.

ఇప్పుడు నాకు ఒక అంగడి ఉంది. చేతులు రెండూ చాపితే అటు గోడా ఇటు గోడా తగులుతాయి. కుచ్చులు వేస్తాను, ఫాల్స్ కుడతాను. చీర ఎంత వరకు కావాలో అంతవరకే ఒళ్లో విప్పుకుంటాను. వచ్చినవాళ్లు పాలిష్ కూడా చేస్తావా అని అడుగుతారు.

"చోటు చాలదమ్మా," అంటాను.

వాళ్లు రూము ఒకసారి చుట్టూ చూసి, నిజమే అనుకుని పోతారు.