అందరం మే నెలలోనే పుట్టాం

మా అత్తయ్య పోయింది. మొన్న పొద్దున మేం టిఫిను తింటుండగా నల్లపాడు నుంచి బావ ఫోన్ చేశాడు. అత్తయ్యకు ఒక్కడే కొడుకు. "అమ్మ నిద్రలోనే..." అని ఆపేశాడు. పిల్లల సెలవులకని నేను పుట్టింట్లోనే ఉన్నాను కాబట్టి ఫోన్ నాన్న చేతికిచ్చాను. నాన్న అంతా విని, "అదేంట్రా, రాత్రి కూడా నన్ను తిట్టిందిగా" అన్నాడు. తిట్టే ఓపికున్న మనిషి పోవడానికి వీల్లేదన్నట్టు. తిట్టింది కూడా దేనికనుకున్నారు? ఈ యేడు సముద్రానికి ఏ రోజు వెళ్లాలో ఇంకా తేల్చలేదని.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అత్తయ్య విషయంలో అలా మొదలుపెడితే ఆవిడే లేచి కూర్చుని "ఎవరి గురించే నువ్వు చెప్పేది?" అని అడుగుతుంది. ఆవిడతో మేం పడిన అవస్థలు చెప్పకుండా ఆవిడ గురించి చెప్పడం నాకైతే చేతకాదు.

నాన్నకు ఎనిమిదేళ్లు పెద్దది. మావయ్యకు మిల్లులో ఉద్యోగం కావడంతో నల్లపాడులో కాపురం. మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. పత్తి, మిరప తప్ప మరో మాట వినపడని ఊరు. వేసవి సెలవులిచ్చిన వారానికల్లా అత్తయ్య బస్సు దిగేది. రెండు రేకు డబ్బాలు, ఒక పాత కుక్కరు, ఒక ఇసక మూట. అవును, ఇసకే. మా ఊళ్లో అంతా నల్లరేగడి, మంచి ఇసక దొరకదని ఆవిడ నల్లపాడు నుంచి మోసుకొచ్చేది. ఒకసారి నేను కూడా ఆవిడతో బస్సులో ఉన్నాను. కండక్టరు మూటను కాలితో తట్టి, "ఏంటమ్మా ఇందులో?" అన్నాడు.

"ఇసక."

"ఇసకా?"

"ఏం, దానికీ టిక్కెట్టు కొడతావా?"

బస్సంతా నవ్వింది. నేను సీటు కిందకి దూరిపోదామనుకున్నాను.

ఆ ఇసక కేకు కోసం. నల్లపాడులో వాళ్ల పక్కింటి టీచరమ్మ క్రిస్మస్‌కి ఇంట్లోనే కేకు చేసేది. పాత కుక్కరు అడుగున ఇసక పోసి, దానిమీద గిన్నె పెట్టి, విజిల్ తీసేసి మూత పెట్టడం అత్తయ్య ఆవిడ దగ్గరే నేర్చుకుంది. నేర్చుకోవడం సగమే నేర్చుకుంది. కేకు అడుగు మాడేది, నడుమ పచ్చిగా ఉండేది. ఈ రెంటికీ మధ్య సన్నగా ఒక పొర బాగుండేది. దాని కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం.

ఇక ఆ కేకు కొయ్యడానికి ఒక పుట్టినరోజు కావాలిగా. నేను పుట్టింది కార్తీకంలో. తమ్ముడు శ్రావణంలో. అత్తయ్య మా ఊళ్లో ఉండేది మే నెలలో. కాబట్టి మా ఇంట్లో అందరం మే నెలలోనే పుట్టాం.

"వదినా, దాని పుట్టినరోజుకి ఇంకా ఆర్నెల్లుంది" అని అమ్మ మొదట్లో చెప్పి చూసింది.

"ఆర్నెల్ల తర్వాత నేనుంటానా ఇక్కడ? నేను లేనప్పుడు పుట్టినరోజేంటి? ఎప్పుడైతేనేం, పుట్టడమైతే పుట్టిందిగా!"

అమ్మ వెళ్లి గిన్నె కడిగి తెచ్చింది. నష్టం మాత్రం నాకే. అసలు పుట్టినరోజు వచ్చి కొత్త గౌను అడిగితే, "మే నెలలో అయిపోయిందిగా" అనేది అమ్మ. బడిలో పిల్లలంతా వాళ్ల వాళ్ల రోజున చాక్లెట్లు పంచేవాళ్లు. నేను పంచాల్సిన నెలలో బడికి సెలవులు. ఆ ఉక్రోషం నాకు చాలా ఏళ్లు ఉండింది. ఇప్పటికీ కొంచెం ఉంది.

రేకు డబ్బాల్లో ఒకదాన్లో సున్నుండలు, ఇంకోదాన్లో జంతికలు ఉండేవి. తాళం చెవి ఆవిడ కొంగున ఉండేది. సున్నుండలకి వంక పెట్టలేం, అంత బాగుండేవి. జంతికలు మాత్రం రాళ్లు. కొరికితే పన్ను ఊడుతుందని అంటే, "మెత్తగా చేస్తే నాలుగు రోజుల్లో అవగొడతారు. ఇవైతే నెలొస్తాయి" అనేది. నిజంగానే నెలొచ్చేవి. నాన్నకి ఒక దవడ పన్ను విరిగింది కూడా. ఆ సంగతి గుర్తు చేస్తే, పుచ్చిన పన్ను పోగొట్టినందుకు తనకే మర్యాద చెయ్యాలనేది.

షికార్ల సంగతి వేరే చెప్పాలి. ఊళ్లో కుక్కలు కూడా నీడ వదలని రోజులు చూసి ఆవిడ ప్రయాణం పెట్టేది. "రోహిణీ కార్తెలో రోళ్లు పగుల్తాయి గానీ మనుషులు పగలరు, పదండి" అనేది. ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిచి, దానిమీద బొంతలు వేసి, వెదురు బద్దలకు టార్పాలిను కట్టి, అందర్నీ ఎక్కించేది. ఒక ఏడు కోటప్పకొండ. మెట్లమీద ఆవిడ ఆయాసంతో ఆగినప్పుడల్లా మేమందరం ఆగాలి. ముందు వెళ్లడానికి లేదు, వెనకుండటానికి లేదు. ఎక్కువసార్లు వాడరేవు. తీరా చూస్తే ఆవిడకి సముద్రమంటే చచ్చేంత భయం. మాలో ఇద్దర్ని చెరో చేత్తో పట్టుకుని, చీలమండలు తడవగానే, "తడిశారుగా, చాలు, రండి" అనేది. సముద్రం దాకా పోయి పాదాలు కడుక్కుని వచ్చేవాళ్లం.

నేను ఏడో తరగతిలో ఉండగా మా పత్తి పోయింది. మాదే కాదు, ఊరందరిదీ. పచ్చపురుగు ఏ మందుకీ లొంగలేదు. నాన్న కొట్టిన మందే మళ్లీ కొట్టాడు, కొత్తది తెచ్చి కొట్టాడు, రెండూ కలిపి కొట్టాడు. చివరికి చేలో కట్టె మిగిలింది. సంక్రాంతి దాటాక ఆయన పొలం వెళ్లడం మానేశాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. అరుగు మీద కూర్చుంటే పొద్దుగూకే దాకా అక్కడే. అన్నానికి పిలిస్తే మూడోసారికి వినపడేది. ఆ రోజుల్లోనే పక్కూళ్లో ఒకాయన పురుగుల మందు తాగి చనిపోయాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఆ వారమే అత్తయ్య దిగింది. మాకింకా పరీక్షలు కూడా కాలేదు.

"ఇంత ముందే వచ్చావేంటి వదినా?" అంది అమ్మ.

"నల్లపాడులో నీళ్లు రావట్లేదు. నీళ్లొచ్చేదాకా ఇక్కడే."

వచ్చిన రోజు నుంచి నాన్నని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఒరేయ్, ఈ రోలు జరుపు. ఒరేయ్, మినుములు వేగాయేమో వాసన చూడు. ఒరేయ్, బెల్లం కొట్టు, నాకు భుజం నొప్పి. ఆయన అరుగు మీద కూర్చుంటే పక్కన చేరి ఎప్పటివో చుట్టాల గొడవలు తవ్వేది. లేచి వీధిలోకి వెళ్తే, చెప్పులేసుకుని వెంట నడిచేది. దొడ్లోకి వెళ్లినా తలుపవతల నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది. నాన్న ఒకరోజు, "కాసేపు వదిలెయ్ అక్కా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు. "దణ్ణం తర్వాత పెడుదువు గానీ, ఈ పిండి జల్లించు" అని జల్లెడ ఒళ్లో పెట్టింది. మామూలుగా ఆవిడ ఉన్నన్నాళ్లూ విసుక్కునే అమ్మ, ఆ వేసవి ఒక్క మాట అనలేదు.

సామాన్ల గదిలో మిగిలిన మందు డబ్బాలు ఉండేవి. తన సున్నుండలకి వాటి కంపు పడుతోందని ఒక పొద్దున గొడవ మొదలుపెట్టింది. నాన్న పట్టించుకోలేదు. ఆయన స్నానం చేసి వచ్చేసరికి, విప్పని డబ్బాలన్నీ ట్రక్కులో ఎక్కించి పాలేరు చేత తిరిగి మందుల కొట్టుకి పంపేసింది. విప్పినవి గట్టు మీద గొయ్యి తీయించి పూడ్పించింది.

"నా పొలం, నా మందులు! నీకెందుకక్కా?" అని నాన్న అరిచాడు. నెలల తర్వాత ఆయన గొంతు పెద్దగా వినడం అదే.

"నా సున్నుండలు కాబట్టి నాకు" అంది అత్తయ్య, చేతికంటిన నెయ్యి తుడుచుకుంటూ.

మే వచ్చింది. వాడరేవు పోదామంది. నాన్న ట్రాక్టరు తియ్యనన్నాడు.

"ఏ మొహం పెట్టుకుని పోదామక్కా? పంట పోయినోడు షికారుకెళ్లాడని నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. నీ పంట పోయిందని సముద్రం ఎండిపోయిందా? లే."

ఆయన లేచే దాకా ఎదురుగా నిలబడింది. ట్రాక్టరు నడిపినంతసేపూ ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. ఒడ్డున సరుగుడు తోట నీడలో దుప్పటి పరిచాం. అత్తయ్య కేకు గిన్నె తీసింది. ఎండకి నడుమ కుంగిపోయి ఉంది. నేను, తమ్ముడు ఈసారి ఎవరి పుట్టినరోజు ముందని వాదించుకుంటున్నాం.

"ఈ యేడు మీవి కావు. వీడిది" అని నాన్నని చూపించింది.

"నలభై ఏళ్లొచ్చినోడికి పుట్టినరోజేంటక్కా" అన్నాడు నాన్న, విసుగ్గా.

"నువ్వు పుట్టినప్పుడు అమ్మ తెలివి తప్పి ఉంది. మంత్రసాని నిన్ను తెచ్చి ముందు నా చేతిలోనే పెట్టింది. నీ పుట్టినరోజు నేను కాకపోతే ఎవరు చేస్తారు? కొయ్యి."

మామిడికాయల చాకుతో నాన్న కేకు కోశాడు. అత్తయ్య ఒక ముక్క ఆయన నోట్లో కుక్కి, "నూరేళ్లు బతకరా" అంది.

నాన్న నమిలి మింగి, నెమ్మదిగా అన్నాడు. "ఎందుకక్కా? నాకు ఈ యేడు గడుస్తుందనే లేదు."

ఆవిడ ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. అందరి ముందూ, కేకు అంటిన చేత్తోనే. తమ్ముడు భయపడి అమ్మ వెనక్కి పోయాడు.

"నీ ఇష్టమేనా? నాకు ఎనిమిదేళ్లప్పుడు నిన్ను చంకనేసుకుని ఊరంతా తిరిగా. నా నడుం ఇప్పటికీ ఓ పక్కకి వంగే ఉంటుంది. నన్నడక్కుండా ఎక్కడికి పోతావురా నువ్వు? నాకు చెప్పు, ఎక్కడికి పోతావు?"

నాన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూశాను. అమ్మ మమ్మల్ని అవతలికి తీసుకుపోబోతే అత్తయ్య వద్దంది. ఉన్న చోటే కూర్చుని మిగతా కేకు ముక్కలు చేస్తూ, "ఏడిస్తే ఏడువు. కేకు మాత్రం తిను, ఎండకి పాడవుద్ది" అంది.

తిన్నాడు. మాడిన అడుగుతో సహా తిన్నాడు.

తిరిగి వస్తుంటే, సగం దారిలో ట్రాక్టరు ఆపి, వెనక్కి తిరిగి, "అక్కా, వచ్చే యేడు శనగ వేసి చూద్దామా?" అన్నాడు.

"నన్నడుగుతావేంట్రా? నేనేమన్నా రైతునా? ముందు బండి పోనియ్, పిల్లలు మాడిపోతున్నారు."

నాన్న నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు. అయినా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకోవడం గుర్తుంది.

శనగ వేశాడు. మొదటి ఏడు అంతంతమాత్రం, తర్వాత కుదురుకుంది. కష్టాలు తీరిపోయాయని చెప్పను, కానీ ఆయన అరుగు దిగాడు. అత్తయ్య మాత్రం ఏం మారలేదు. పర్చూరులో బేకరీ వచ్చింది. క్రీము పువ్వుల కేకు తెస్తే ఒక ముక్క తిని, "సబ్బు నాకినట్టుంది" అంది. నాకు పెళ్లయి పాప పుడితే, మాఘంలో పుట్టిన పిల్లకి కూడా మే నెలలోనే పుట్టినరోజు అంది. ఫోన్‌లో పోట్లాడాను. ఆవిడే గెలిచింది.

రెండేళ్ల కిందట నల్లపాడు వెళ్లినప్పుడు అడిగాను. "అత్తయ్యా, ఆ యేడు నాన్న గురించి భయపడే కదా ముందొచ్చావు?"

"భయమేంటే? నీళ్లు రాలేదని అప్పుడే చెప్పాగా" అని లేచి వంటింట్లోకి పోయింది.

పేపరు చదువుతున్న మావయ్య తలెత్తాడు. "నీళ్లకేం, ఆ యేడు మా వీధిలో కుళాయి ఆగిందే లేదు. మూణ్ణెల్లు నేను హోటల్లో తిన్నా. ఎప్పుడొస్తావని ఉత్తరం రాస్తే, 'వాడు నవ్వాక' అని రాసింది."

"మీకు నోరాగదా?" అని లోపలి నుంచి కేక వినపడింది.

నిన్న అంత్యక్రియలు అయ్యాక, మిట్టమధ్యాహ్నం కారులో బయల్దేరాం. నల్లపాడు రైలు గేటు పడి ఉంది. ఏసీ పనిచెయ్యడం లేదు, పిల్లలు గోల చేస్తున్నారు, నాకు తల పగిలిపోతోంది. నాన్న డోరు తీసుకుని దిగిపోయాడు. గేటు పక్కన ఒకామె తాటి ముంజలు అమ్ముతోంది. ఆమె దగ్గర దోసిలి నిండా కొనుక్కొచ్చి, కారు కిటికీ దగ్గర నిలబడి, ఒక్కో ముంజా పొర వలిచి మా చేతుల్లో పెట్టడం మొదలుపెట్టాడు. నాకు తెలిసి ఆయన ఎప్పుడూ ఎవరికీ ఏదీ వలిచి పెట్టలేదు. వద్దన్నా వినలేదు. "తినండి, వేడెక్కిపోతాయి" అన్నాడు, కోపంగా. రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది. వెనక బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు కొడుతున్నాయి. ఆయన మోచేతుల నుంచి ముంజల నీళ్లు కారుతుండగా, తలెత్తకుండా ఇంకోటి వలుస్తున్నాడు.