దేవుణ్ణి ‘అండీ’ అన్న రోజు

రెండేళ్ల క్రితం ముసురు పట్టిన ఓ ఉదయం నాన్నగారికి పక్షవాతం వచ్చింది. అమలాపురం ఆసుపత్రిలో చేర్పించాం. కళ్లు తెరిచే ఉన్నారు గానీ పిలిస్తే పలకడం లేదు. "చెయ్యాల్సింది చేసేమండి, ఇంక చూడాలి" అన్నారు డాక్టరుగారు. నేను ఫిజిక్సు లెక్చరర్ని. చూడటం తప్ప నాకూ ఏమీ తెలియలేదు.

రాజోలు నుంచి రావలసిన పాస్టరుగారు వానకి దారిలోనే చిక్కుకుపోయారు. అమ్మ నావైపు తిరిగి, "నువ్వే ప్రార్థన చెయ్యరా" అంది.

చర్చిలో నాది గుమ్మం పక్క వరస. ఆఖరి ప్రార్థన అయ్యేసరికి చెప్పుల దగ్గర ఉండే రకాన్ని. అయినా నాన్నగారి చెయ్యి పట్టుకుని మొదలుపెట్టాను.

"ప్రభువా, మా నాన్నగారిని కాస్త చూడండి. మీకు తెలియనిది కాదు. ఆయన లేకపోతే మాకు కుదరదండి."

"దేవుణ్ణి నీవు అనాల్రా. ఎమ్మార్వోగారితో మాట్లాడినట్టు ఆ అండీ ఏంటి?" అంది అమ్మ, ఏడుస్తూనే.

పక్క మంచాలవాళ్లు కూడా వింటున్నారు. త్వరగా ముగించేద్దామనుకున్నాను. ఆమెన్ అనబోయి, మా వైపు ఔననడానికి అనే "ఆయ్" అనేశాను.

నా చేతిలో చెయ్యి కదిలింది. వంకరపోయిన పెదవులతో నాన్నగారు "ఆయ్" అన్నారు.

తర్వాత ఎన్ని మందులు వాడినా ఆయనకి తిరిగొచ్చింది ఆ ఒక్క మాటే. ఇప్పుడు ఇంట్లో రోజూ ప్రార్థన నేనే చేస్తాను, అండీలతోనే. ముగింపు మాత్రం నాన్నగారిది. పైనుంచి ఇంతవరకు అభ్యంతరమేమీ రాలేదు.